ఇంజనుకు నూనె కఱవు



ఎద్దుబండి తోలిన చేతులకు కందెన సంగతి వేఱుగ చెప్పనక్కఱలేదు. గడ్డి కాల్చిన మసిని ఆముదముతో కలిపి ఇరుసునకు పట్టించుట మన పెద్దలు ఎఱిగిన విద్య. కందెన ఎండినచో బండి ఊరి పొలిమేర దాటక మునుపే కీచుమని అఱచును. ఆ అఱపు విన్నవాడు బండి నిలిపి, చక్రమును సడలించి, కందెన పెట్టుకొని సాగిపోవును. ఇరుసు పాడగుటకు ముందే అఱపు వచ్చుట బండి మనకు చేయు మేలు.

కారు ఇంజను ఆ మేలు చేయదు. దానిలోని నూనె పాతబడినను, తగ్గిపోయినను, జిగురై గడ్డకట్టినను అది చాల దినములు ఏమియు ఎఱుగనట్లే నడచును. అది చప్పుడు చేయునప్పటికి లోపల లోహము లోహమును తినుచుండును. అట్లని అది బొత్తిగా గుఱుతులు చూపదనుట కాదు. చూపును, కాని అవి చెవికంటె ముందు కంటికి, కంటికంటె ముందు లెక్కకు తెలియు గుఱుతులు. వానిని ఏ వరుసలో చూడవలయునో, చూచి ఏమని తీర్మానింపవలయునో నేడు మనవి చేసెదను.

ఇది కార్ఖానాలోని వారికి మాత్రమే చెందిన విషయమని తలపవలదు. ఇప్పుడు పల్లెలలో చదువుకొన్న కుఱ్ఱవాడు ఉద్యోగము దొరకక, ఒకరు వాడి అమ్మిన కారును అప్పుచేసి కొని బాడుగలకు త్రిప్పుట సాధారణమైనది. తల్లి మెడలోని నగయో, తండ్రి పేరనున్న పాసుపుస్తకమో తాకట్టున నుండును. ఒకనాడు కారు దారిలో నిలిచిపోవును. మెకానిక్కు వచ్చి చెవియొగ్గి విని, “ఇంజను బోరుకు వచ్చినది, దింపవలయును” అనును. దింపించుటయా, ఉన్నదున్నట్లు అమ్ముటయా, మఱొకరికి చూపుటయా అని ఆ కుఱ్ఱవాడు ఊరిలోని పెద్దయొద్దకు వచ్చి నిలుచును. పాత కారు విషయములో ఇంజను పూర్తిగా విప్పి బాగుచేయు ఖర్చు ఒక్కొక్కప్పుడు ఆ కారు వెలకే సమీపించును. అప్పుడు ఆ పెద్ద అడుగవలసిన ప్రశ్నలు తెలిసినవాడైనచో ఆ కుటుంబమునకు ఒక పంట సొమ్ము మిగులవచ్చును.

మొదట నూనె చేయు పని యేమో చూతము. ఇంజనులో పిస్టనులు పైకి క్రిందికి ఆడును. వాని బలమును కనెక్టింగు రాడ్డులు క్రాంకు షాఫ్టునకు అందించును. ఆ క్రాంకు బేరింగులలో తిరుగును. ఈ బేరింగులు సైకిలు చక్రములోని గుండ్ల బేరింగుల వంటివి కావు. సగము గుండ్రముగ వంచిన రెండు పలుచని రేకులు, వానిపై మెత్తని లోహపు పూత, అంతే. క్రాంకునకు ఆ రేకునకు నడుమనుండు సందు సుమారు 0.05 మిల్లీమీటరు, సన్నని తలవెండ్రుక మందమనుకొనుడు. ఆ సందులో నూనె నిలిచియుండును. క్రాంకు తిరుగునపుడు ఆ నూనెను తనతో ఈడ్చుకొనిపోయి, సందు మఱింత సన్నమైన చోటికి నెట్టి, అందువలన పుట్టిన ఒత్తిడిమీద తాను తేలును. నడచుచున్న మంచి ఇంజనులో క్రాంకు బేరింగును తాకదు. నీటిమీద పడవవలె నూనెమీద నిలుచును.

ఈ రహస్యము బయటపడిన విధము వినదగినది. 1883వ సంవత్సరమున ఇంగ్లండులో బీచమ్ టవర్ అను ఇంజనీరు రైలుబండి ఇరుసుల బేరింగులను పరీక్షించుచుండెను. బేరింగు నెత్తిన నూనె పోయుటకని ఒక రంధ్రము తొలిపించెను. తీరా ఇరుసు తిరుగగా, నూనె లోనికి దిగుటకు మాఱుగ ఆ రంధ్రమునుండి పైకి ఉబికివచ్చెను. బిరడా బిగించిరి, నూనె దానిని నెట్టివేసెను. ఒత్తిడిని కొలుచు గేజిని అమర్చి చూడగా, చదరపు అంగుళమునకు 200 పౌనులవఱకు చూపగల ఆ గేజి హద్దు దాటిపోయెను. ఇరుసు తన భారమును లోహముమీద గాక, తానే పుట్టించుకొన్న నూనె ఒత్తిడిమీద మోపుచున్నదని అప్పుడు తెలిసెను. మూడేండ్లకు, 1886లో, ఆస్బోర్న్ రేనాల్డ్సు దీనికి గణితము కట్టెను. నేటి కారు క్రాంకు కూడ ఆ సూత్రముమీదనే తిరుగుచున్నది.

ఇవి గాక నూనె పిస్టనుల వేడిని తగ్గించును, మసిని, మురికిని తనలో పట్టియుంచును, రింగుల నడుమ నిలిచి మంట పొగ క్రిందికి దిగకుండ అడ్డుకొనును, తుప్పు పట్టనీయదు. మన ఆముదము ఈ పనికి చాలదా అని ఎవరైన అడుగవచ్చును. 1914–1918 మహాయుద్ధములో కొన్ని జాతుల విమానముల ఇంజనులకు ఆముదమే పోసిరి. జాఱుదనములో అది గట్టిదే. కాని వేడికి ఊరక జిగురు కట్టుట దాని దోషము. తఱుచుగ విప్పి తుడుచుకొను విమానమునకు అది చెల్లినది గాని, మన కార్లకు చెల్లదు.

ఈ నూనెకు కఱవు రెండు త్రోవల వచ్చును. ఒకటి కొలత తగ్గుట. రింగుల సందున కాలిపోయినను, వాషరుల వద్ద కాఱిపోయినను కొలత తగ్గును. అట్లు తగ్గిన కారు మలుపు తిరుగునపుడును, ఎగువ నెక్కునపుడును చాంబరులోని నూనె ఒక ప్రక్కకు పోయి పంపు నోటికి గాలి తగులును. పంపు కొద్ది క్షణములు గాలి పీల్చినను బేరింగులకు గాయమగును. రెండవ త్రోవ, కొలత సరిగనేయుండి గుణము చచ్చుట. నూనె వేడికి చెడును. వేడి పది డిగ్రీలు పెరిగినపుడెల్ల చెడుట సుమారు రెట్టింపగునని యంత్రజ్ఞులు ఒక మోటులెక్క చెప్పుదురు. చెడిన నూనె మొదట చిక్కబడును. పిమ్మట నల్లని జిడ్డు ముద్దయై హెడ్డు మీదను, చాంబరు అడుగునను పేరుకొనును. ఆ ముద్ద పంపు నోటనుండు జల్లెడను మూసివేయును. చెఱువు నిండ నీరున్నను తూము పూడినచో మడి ఎండును గదా. అట్లే చాంబరు నిండ నూనె యున్నను బేరింగు ఎండును. ఈ రెండవదే మోసకరమైనది. కడ్డీ తీసి చూచినవాడు నూనె నిండుగ నున్నదని తృప్తిపడి పోవును.

నూనె మార్చుటకు గడువు ఆ కారు చేసినవారి పుస్తకములో నుండును, అదియే ప్రమాణము. మన దేశములో చాల కార్లకు అది 10,000 కిలోమీటర్లు లేక ఒక సంవత్సరము, రెంటిలో ఏది ముందు వచ్చిన అది. ట్రాక్టరునకు కిలోమీటర్లు కావు, నడచిన గంటలే లెక్క. సంవత్సరము మాటను జనులు లక్ష్యపెట్టరు. “కారు తిరుగనేలేదు, నూనె ఏల మార్చవలయును?” అందురు. నిజమునకు ఇంటినుండి రెండు మైళ్లు పోయి, చల్లబడి, మఱల రెండు మైళ్లు వచ్చెడి కారే నూనెను తొందరగ చెఱచును. ఇంజను పూర్తిగా వేడెక్కనందున, మంటలో పుట్టిన నీటి ఆవిరియు, కాలక మిగిలిన ఇంధనమును నూనెలో చేరి అచటనే నిలిచిపోవును.

ఇక పరీక్ష. వైద్యుడు నాడి పట్టుటకు ముందు పథ్యమును గూర్చి అడుగును. ఇచటను మొదటి పరీక్ష ప్రశ్నయే. నూనె ఎప్పుడు మార్చితివి? అప్పటికి మీటరు ఎంత, ఇప్పటికి ఎంత? ఏ నూనె పోసిరి, రసీదు ఉన్నదా? నడుమ ఎన్నిసారులు, ఎంతెంత పోసి సరిపెట్టితివి? ఎఱ్ఱదీపము వెలిగినదా? వెలిగిన పిమ్మట ఎంత దూరము నడిపితివి? ఈ కడపటి ప్రశ్నకు కుఱ్ఱవాడు తల వంచుకొన్నచో సగము రోగము తెలిసినట్లే. అతనిని అప్పుడు మందలించుట వలన లాభము లేదు, నిజము చెప్పనిండు.

తరువాత కడ్డీ. బండిని సమమైన నేలపై నిలిపి, ఇంజను ఆపి, కొన్ని నిమిషములు తాళి, కడ్డీని తీసి తుడిచి, మఱల పూర్తిగా దించి తీసి చూడుడు. దానిపై రెండు గీతలుండును. క్రింది గీతకు దిగువనున్నచో కఱవు తెల్లమే. పై గీతకు ఎగువనున్నచో సంతోషింపవలదు. పోయని నూనె పెరిగినదనగా ఇంధనమో, రేడియేటరు నీరో అందు కలియుచున్నదని యర్థము. 2020 ఏప్రిల్ 1వ తేదీనుండి మన దేశమున అమ్మకమునకు వచ్చిన భారత్ స్టేజి 6 డీజిలు కార్లలో పొగగొట్టమున మసిని పట్టు ఒక ఫిల్టరు కలదు. ఆ మసిని కాల్చుటకై ఇంజను అప్పుడప్పుడు అదనముగ డీజిలు చల్లుకొనును. కారు పొట్టి ప్రయాణములే చేయుచున్నచో ఆ కాల్పు ముగియక, డీజిలు నూనెలోనికి దిగి కొలతను పెంచును. డీజిలు కలిసిన నూనె పలుచనై భారము మోయలేదు.

రంగును చూచి తీర్పు చెప్పువారు చాలమంది. డీజిలు ఇంజనులో క్రొత్త నూనె పోసిన కొలదిదినములకే కాటుకవలె నల్లబడును. అది మసిని తనలో పట్టియుంచుచున్నదనుటకు గుఱుతే గాని రోగము కాదు. కావున “నూనె నల్లబడినది, ఇంజను పోయినది” అను మాటను నమ్మవలదు. రంగుకంటె వాసన, గరుకుదనము మేలైన సాక్ష్యములు. పెట్రోలు వాసన గుప్పుమన్నను, వ్రేళ్ల నడుమ రుద్దగా సన్నని గరుకు తగిలినను శంకింపుడు. పాలు కలిపిన కాఫీ రంగు కనబడినచో నీరు చేరినది.

నూనె పోయు మూతను త్రిప్పి తీసి, లోనికి దీపము పట్టి చూడుడు. లోపలి లోహముపై తేనెరంగు పూత యుండుట పెద్ద దోషము కాదు. తారువంటి ముద్ద కనబడినచో ఏండ్ల తరబడి ఉపేక్ష జరిగినదని నిశ్చయింపవచ్చును. కడ్డీపై నూనె ఎంత క్రొత్తగ మెఱసినను సరే. అమ్మకమునకు ముందురోజు నూనె మార్చుట అందఱికి తెలిసిన ఉపాయము. మూత క్రిందనుండు ముద్ద ఒకరోజులో పోదు. మూతకు తెల్లని మీగడవంటిది అంటియున్నచో వెంటనే వెఱవవలదు. లంబసింగి వంటి చలిప్రదేశములలో, చిన్న ప్రయాణములు చేయు కారునకు అది ఆవిరి చల్లబడి ఏర్పడినదే కావచ్చును. రేడియేటరులో నీరు కూడ తఱిగిపోవుచున్నచో మాత్రము హెడ్డు గ్యాస్కెట్టును పరీక్షింపవలయును.

ఇప్పుడు ఎఱ్ఱదీపము. తాళపుచెవి త్రిప్పి, ఇంజను నడిపింపకయే నూనెదీపము వెలుగుచున్నదా యని చూడుడు. వెలుగవలయును. ఇంజను నడవగానే ఆఱిపోవలయును. మొదటనే వెలుగనిచో దీపము మాడినదో, తీగ తెగినదో, ఎవరో బుద్ధిపూర్వకముగ తెంచిరో విచారింపుడు. పాత కారు కొనువారు ఈ ఒక్క పరీక్షను మఱువరాదు. ఆ దీపమును గూర్చి మన డ్రైవరులలో ఒక దురభిప్రాయము పాతుకొనియున్నది. అది నూనె తగ్గినదని ముందుగ చెప్పు దీపమని తలంతురు. అది కొలతను చూపదు. ఒత్తిడి దాదాపు లేకపోయినపుడు మాత్రమే వెలుగును. అనగా నడచుచుండగా అది వెలిగిన క్షణమునుండి క్రాంకు నూనెమీద తేలుట సందేహమే. “ఊరు ఇంక మూడు మైళ్లే గదా” అని నడిపినవారి క్రాంకులు విజయవాడ ఆటోనగరు లేతు కార్ఖానాలకు చేరుచుండును. మూడు మైళ్లు వేఱొక బండికి కట్టి లాగించుటకు అగు సొమ్మెంత, క్రాంకు పనికి అగు సొమ్మెంత?

అయితే ఆ దీపమును వెలిగించు స్విచ్చి చెడినను దీపము వెలుగును. అది వేల రూపాయల వస్తువు కాదు. కావున ఇంజను దింపుటకు ఒప్పుకొనకముందు మెకానిక్కును ఒకటి కోరుడు: ఆ స్విచ్చిని ఊడదీసి, ఆ రంధ్రమునకే గేజిని తగిలించి, ఇంజను బాగుగ వేడెక్కిన పిమ్మట ఒత్తిడిని కొలువుమనుడు. ఉండవలసిన అంకె కారు పుస్తకములో నుండును. పుస్తకము దొరకనిచో, నిమిషమునకు వేయి చుట్లకు పది పౌనుల చొప్పున ఒక మోటులెక్క వాడుకలో కలదు. గేజి సరియైన అంకె చూపినచో ఇంజను దింపుమాట అంతటితో వాయిదా వేయవచ్చును. ఈ కొలత తీయనే తీయక “పోయినది” అను మెకానిక్కు ఎంత పేరున్నవాడైనను, మఱొకరికి చూపుట మంచిదని నా అభిప్రాయము.

చప్పుడు వినుటకు రాత్రియంతయు నిలిచి చల్లబడిన ఇంజను కావలయును. కొనుటకు పోయినపుడు ఇంజను అప్పటికే వెచ్చగ నున్నచో, ఉదయము మఱల వత్తుమని చెప్పి రండు. పై కండువా తీసి ప్రక్కనపెట్టి దగ్గఱకు పొండు. ఫ్యాను బెల్టు దానిని పట్టినచో ప్రాణాపాయము. పొడవైన స్క్రూడ్రైవరు మొనను ఇంజనుమీద ఆనించి పిడిని చెవికి ఆనించినచో చప్పుడు ఏ తావున పుట్టుచున్నదో తెలియును. పై భాగమున సన్నని టిక టిక వినబడి, నడచిన రెండు మూడు క్షణములకు ఆగిపోయినచో అది టాపెట్ల వద్దకు నూనె చేరుటలోని ఆలస్యము. అంత భయము లేదు. ఆగకున్నచో పైకి నూనె అందుటలేదని అనుమానింపుడు. చల్లగనున్నపుడు డబ డబ మని, వేడెక్కగ తగ్గునది పిస్టను సిలిండరులో వదులై కొట్టుకొను చప్పుడు. దీనితో చాల కాలము నడచిన ఇంజనులు కలవు.

దీనికి విపరీతమైనది రాడ్డు బేరింగు చప్పుడు. అది వేడెక్కినకొలది పెరుగును. ఏలయన వేడికి నూనె పలుచనై, పెరిగిన సందును నింపలేదు. క్రిందిభాగమునుండి సుత్తితో ఇనుమును కొట్టినట్లు ఠక్కు ఠక్కుమని వచ్చును. ఇంజనును కొంత వేగమునకు తెచ్చి తటాలున వదలినపుడు స్పష్టముగ వినబడును. ఏ రాడ్డో తేల్చుకొనుటకు మెకానిక్కు ఒక్కొక్క సిలిండరునకు మంట ఆపి చూడవలయును. ఏ సిలిండరు మంట ఆపగా చప్పుడు తగ్గునో లేక మాఱునో ఆ రాడ్డే దోషి. క్రాంకు ప్రధాన బేరింగుల చప్పుడు ఇంకను లోతుగ, భారము లాగునపుడు దభ దభ మని నేలను తాకునట్లుండును. ఈ రెంటిలో ఏది వినబడినను ఇంజనును మఱల నడపవలదు. రాడ్డు తెగినచో గోడను పగులగొట్టుకొని బయటికి వచ్చును. అప్పుడు బాగుచేయుటకు ఏమియు మిగులదు. వదులైన పుల్లీ, పొగగొట్టము కీలువద్ద సందు కూడ ఇంచుమించు ఇట్టి చప్పుళ్లే చేయును; చెవి నొక్కదానినే నమ్మరాదనుట ఇందుకే.

పొగను గూర్చి రెండు మాటలు. నీలిపొగ నూనె కాలుచున్నదనుటకు సాక్షి. ఉదయము నడుపగానే ఒక్కసారి వచ్చి ఆగిపోయినచో వాల్వు సీళ్లు గట్టిపడినవి, అది చిన్నపనియే. భారము లాగునపుడెల్ల వచ్చినచో రింగులు అఱిగినవి, లేక జిగురుతో పట్టుకొనిపోయినవి. నల్లపొగ ఇంధనమునకు సంబంధించినది, నూనెతో పనిలేదు.

టర్బో యున్న కార్లలో కఱవు మొదట అచటనే తగులును. దాని ఇరుసు నిమిషమునకు లక్ష చుట్లకు మించి తిరుగగలదు, అదియు నూనెమీదనే. నూనె జిగురైనచో టర్బోకు పోవు సన్నగొట్టము మాడి మూసుకొనును. ఈలవంటి క్రొత్త ధ్వని, బలము తగ్గుట, నీలిపొగ దాని గుఱుతులు. టర్బోను మార్చి గొట్టమును మార్చని వారు కొద్దికాలమునకే రెండవ టర్బోను కొందురు.

చప్పుడు వచ్చిన ఇంజనులో చిక్కని నూనె పోసి అమ్ముట ఒక మోసము. చిక్కని నూనె పెరిగిన సందును కొంత నింపి చప్పుడును అణచును. పగిలిన గోడకు సున్నము కొట్టినట్లే. నాటి అంబాసిడరు వంటి ఇంజనులకు చిక్కని నూనె చెల్లెను. 1958లో వచ్చి 2014లో తయారీ ఆగిన ఆ కారు నేర్పిన అలవాటు ఇంకను మన మెకానిక్కులను వదలలేదు. ఇప్పటి ఇంజనులకు 5డబ్ల్యు-30, 0డబ్ల్యు-20 వంటి పలుచని నూనెలు విధించిరి. వానిలో 20డబ్ల్యు-50 పోసినచో, చల్లని ఉదయమున అది పైకి చేరుటకు ఆలస్యమై, ఆ ఆలస్యములోనే అఱుగుదల జరుగును.

గేజి అంకె తక్కువ చూపినదనుకొందము. అప్పుడును ఇంజను మొత్తము దింపుటకు తొందరపడవలదు. ఎదుట నిలిచి నూనెను శుభ్రమైన పళ్లెములోనికి దింపింపుడు. దానిని ఎండలో అటునిటు వంచి చూడగా మెఱపు కనబడినచో లోహము రాలుచున్నది. అయస్కాంతమును త్రిప్పుడు. దానికి అంటినది ఇనుము. క్రాంకో, కామో, సిలిండరో, రింగులో కారణము. అంటక మెఱయునది బేరింగుల పైపూత యనియో, పిస్టను అల్యూమినియమనియో శంకింపవలయును. పాత ఫిల్టరును పాఱవేయనీయకుడు. దాని డబ్బాను కోసి, లోపలి మడతల కాగితమును విప్పి, తెల్లని గుడ్డపై పిండి చూచినచో ఇంజను మూడునాలుగు నెలల చరిత్ర అందు కనబడును. ఎక్కడనైన కొంచెము మెఱపు సహజము. రవ్వలు, పొరలు కనబడుట సహజము కాదు. ఈ దింపిన నూనెను కాలువలో గాని, బావి గట్టున గాని పోయవలదు. 2016 నాటి నియమముల ప్రకారము అది అపాయకరమైన వ్యర్థము. అధికారము పొందిన కొనుగోలుదారులకే చేరవలయును.

పిమ్మట చాంబరును ఊడదీయింపుడు. చాల కార్లలో ఇంజను దింపకయే ఇది సాధ్యము. మొదట పంపు నోటి జల్లెడను చూడుడు. అది ముద్దతో మూసుకొనియుండి, బేరింగులు బాగుగనున్నచో అదృష్టవంతులే: జల్లెడ, చాంబరు కడిగి, క్రొత్త ఫిల్టరు, సరియైన నూనె పోసి, గేజితో మఱల కొలిచి చూచుకొనవచ్చును. చప్పుడు చేయు రాడ్డు క్రిందిమూతను ఒకదానిని విప్పించి బేరింగు రేకును చేత పట్టుడు. అంతట సమమైన బూడిదరంగు ఉన్నచో మంచిది. నడుమ రాగిరంగు బయటపడినచో పైపూత అఱిగినది. గీతలు, నలుపు, నీలపు మఱకలు ఉన్నచో నూనె లేక మాడినది. క్రాంకుపై గోరు నడుపగా గీతలు తగులుచున్నచో రేకులు మార్చినంత మాత్రమున చాలదు.

పెట్రోలు ఇంజను రింగుల సంగతి కంప్రెషను కొలతతో తేలును. ఒక్కొక్క సిలిండరును కొలిచి, తక్కువ వచ్చినదానిలో ఒక చెంచాడు నూనె పోసి మఱల కొలువవలయును. అంకె పెరిగినచో రింగులు, పెరుగనిచో వాల్వులు. ఈ నూనె ఉపాయమును డీజిలు ఇంజనులో చేయింపవలదు. ఆ ఒత్తిడికి నూనెయే మండి కొలత తప్పగును. ఇంజను బొత్తిగా తిరుగక బిగిసిపోయినచో స్టార్టరుతో లాగింపవలదు. ప్లగ్గులు తీసి, క్రాంకు పుల్లీ మరకు స్పానరు తగిలించి చేతితో మెల్లగ త్రిప్పి చూడవలయును. సిలిండరులో నీరు నిలిచినను ఇంజను బిగియును. ప్లగ్గులు తీయగా నీరు వెడలి తిరిగినచో నూనెను నిందించి లాభము లేదు.

క్రాంకు గీతలు పడినదని తేలినచో లేతు పనివారు దానిని 0.25 లేక 0.50 మిల్లీమీటరు సానపట్టి, ఆ కొలతకు తగిన బేరింగులు వేయుదురు. కొన్ని క్రొత్త ఇంజనుల క్రాంకులను సానపట్టరాదని తయారుచేసినవారే నిషేధించిరి. పని అప్పగించుటకు ముందు ఆ సంగతి అడుగుడు. అంతకంటె ముఖ్యమైన దొకటి. రాలిన లోహపు రజను క్రాంకు లోపలి నూనెదారులలోను, నూనెను చల్లార్చు కూలరులోను, పంపులోను దాగియుండును. వానిని విప్పి కడుగక క్రొత్త బేరింగులు బిగించినచో ఆ రజనే వచ్చి వానిని కోయును. “ఆఱు నెలల క్రిందటనే పని చేయించితిమి, మఱల అదే చప్పుడు” అను ఫిర్యాదులలో చాలవానికి కారణమిదియే. కావున ధర మాటలాడునప్పుడే నూనెదారుల శుభ్రము, కూలరు శుభ్రము లేక మార్పు, పంపు పరీక్ష అను మూడును కాగితముపై వ్రాయించుకొనుడు.

బిగింపు ముగిసిన పిమ్మట ఇంజనును మంట లేకుండ, ఎఱ్ఱదీపము ఆఱువఱకు స్టార్టరుతో విడతలు విడతలుగ త్రిప్పించి, అప్పుడు నడిపింపుడు. మొదటి నూనెను పూర్తి గడువువఱకు ఉంచక, కార్ఖానావారు చెప్పిన కొద్ది వందల కిలోమీటర్లకే దింపించి, ఆ ఫిల్టరును కూడ కోయించి తెల్లని గుడ్డపై పిండి చూడుడు.